ఏథెన్సు వీరులకు పెరిక్లీసు నివాళి

యుద్ధమున మడిసినవారిని గౌరవించుట మంచి ఆచారము. వారు ఏ రాజ్యముకొఱకు ప్రాణము లర్పించిరో ఆ రాజ్యము అంతటి త్యాగమునకు తగినదా యని విచారించుట అంతకంటె ముఖ్యము. ఇందులకు ప్రాచీన గ్రీసుదేశమునందలి ఏథెన్సు నగరము మనకొక పాఠము నేర్పుచున్నది.

క్రీ. పూ. 431లో ఏథెన్సుకును స్పార్టాకును ఘోరయుద్ధ మారంభమయ్యెను. ఆ శీతకాలమున, తొలియేట మరణించిన యోధులకు ఏథెన్సువారు ప్రభుత్వవ్యయముతో అంత్యక్రియలు జరిపిరి. మృతుల అస్థికలను గుడారములో నుంచగా, బంధువులు తమవారికి కానుకలు తెచ్చి సమర్పించిరి. మూడవనాడు పది తెగలకు పది సైప్రసు కొయ్యపెట్టెలు సిద్ధపఱచి, ఎవరి తెగ పెట్టెలో వారి అస్థికల నుంచి, బండ్లపై ఊరేగించిరి. వానితోపాటు దుప్పటి కప్పిన ఖాళీ పాడె యొకటి సాగెను.

మేము ఈ పాఠము చెప్పుచుండగా ఒక బాలిక, "ఎవరును లేని పాడె యెందులకండీ?" అని అడిగెను. దేహము దొరకనివారికొఱకు! కనబడనివానిని గూడ నగరము మఱవలేదని దాని భావము.

ఆనాడు ప్రసంగించుటకు ప్రజానాయకుడగు పెరిక్లీసును ఎన్నుకొనిరి. ఆ ప్రసంగసారమును చరిత్రకారుడు థ్యుసిడిడీసు తన గ్రంథమున పొందుపఱచెను. పెరిక్లీసు రణరంగమును వర్ణింపలేదు, నగరజీవనమును ప్రశంసించెను. అధికారము కొందఱిది గాక పెక్కుమందిదనియు, చట్టము ముందు పౌరులందఱు సమానులనియు, ప్రజాసేవకు పేదఱికము అడ్డుకాదనియు, ఊరి వ్యవహారము పట్టనివాడు నిరుపయోగియనియు వివరించెను. మృతుల సంతానము పెద్దవారగువఱకు వారి పోషణభారము నగరముదేయని ప్రకటించెను.

అయితే ప్రశంస విని మురియుటతో చదువు ముగియదు. ఆ సమానత్వ మెవరికి? పౌరసభలో స్త్రీలకు స్థానము లేదు. బానిసలకు స్వేచ్ఛయే లేదు. అచ్చట స్థిరపడి, ఆ నగరముకొఱకు కత్తిపట్టిన పరదేశీయులకును సాధారణముగ పౌరసత్వము లభింపలేదు. తల్లిదండ్రు లిరువురును పౌరకుటుంబీకులైననే బిడ్డ పౌరుడగునను చట్టమును క్రీ. పూ. 451లో ప్రతిపాదించినవాడు పెరిక్లీసే! క్రీ. పూ. 430లో నగరమున మహామారి ప్రబలెను. అతని ఇరువురు కుమారులు దానికి బలియైరి. మిగిలిన కుమారుని తల్లి పరదేశీయురాలు. తన చట్టమునుండి ఆ బిడ్డకు మినహాయింపు నిండని ఆ నాయకుడే ప్రజలను వేడుకొనవలసివచ్చెను. ప్రజలు దయదలచిరి. క్రీ. పూ. 429లో అతడును మరణించెను.

ఇతరభాషా ప్రాంతమున తరములుగా నివసించు మనకు ఈ కథ దూరమైనది కాదు. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము చట్టము ముందు అందఱికిని సమానత్వము నిచ్చినది. పెరిక్లీసు దయగా కోరినది మనకు హక్కుగా లభించినది. కావున ఇరుగుపొరుగువారి భాష నేర్చి, మన భాష నిలుపుకొని, ఊరి మేలులో పాలుపంచుకొనుట మన విధి. తల్లిదండ్రులును ఈ విషయమును ఇంట ముచ్చటింపవలెనని మా కోరిక.

ప్రశ్నలు

1. ఖాళీ పాడెను ఊరేగించుటలోని ఉద్దేశ మేమి?
2. పెరిక్లీసు ప్రశంసించిన ఆదర్శములలో ఏథెన్సువారు ఆచరణలో ఎవరిని మఱచిరి?
3. మీ ఊరి మేలుకొఱకు మీరు చేయదగిన పని నొకదానిని వ్రాయుడు.