వీధి గది గోడ

చిన్నా,

వీధి గదిలో గోడంతా సిమెంటు పూయించి, నాలుగడుగుల ఎత్తున టైల్సు అంటిస్తున్నావని మీ అత్త చెప్పింది. మేస్త్రికి బయానా ఇచ్చావా? ఇవ్వకపోతే ఆగు. ఇచ్చినా ఆగు. ముందు ఈ ఉత్తరం చదువు.

అది సున్నంతో కట్టిన ఒకటిన్నర అడుగు గోడ. నేలలోని నీరు ఇటుకల్లో సన్నటి రంధ్రాల వెంట పైకి ఎక్కుతుంది. సున్నపు పూత ఉంటే ఆ తడి గాలికి ఆరిపోతుంది. సిమెంటు దానికి అడ్డం పడుతుంది. ఆగిన తడి ఎక్కడికీ పోదు, టైల్సు దాటి ఇంకా పైకి పాకుతుంది. తడిసిన చొక్కా మీద ప్లాస్టిక్ కోటు తొడిగితే ఒళ్ళు ఆరుతుందా? తడి ఆరిన చోట ఉప్పు మిగులుతుంది. అది గడ్డకట్టి పూతను వెనకనుంచి నెడుతుంది, పెచ్చులు ఊడతాయి. వాటర్‌ప్రూఫ్ పొడి కలిపినా ఇంతే. పుట్టీ, జిప్సం అసలే వద్దు. తడి తగిలితే జిప్సం మెత్తబడిపోతుంది. సిమెంటు మీద నాకు పగ లేదు నాన్నా, డాబా శ్లాబుకి అదే కావాలి. ఈ గోడకి మాత్రం వద్దు, వద్దు, వద్దు.

ఆ ఇల్లు కట్టేటప్పుడు దొడ్లో గానుగ పెట్టారు. రాతి చక్రం, గుండ్రటి కాలువ, ఒక జత ఎడ్లు. గుల్ల సున్నం, ఇసుక, ఇటుక పొడి వేసి నూరేవారు. కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్ళు పోస్తుంటే దొడ్డంతా ఒకటే వాసన. మీ నాన్న చక్రం మీద ఎక్కుతానని ఏడిస్తే నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని తిప్పేవాణ్ణి. నిద్రపోయేవాడు. నీకూ అదే ముఖం, అదే మొండితనం. అన్నం వేళకి తింటున్నావా?

గోడ సంగతికొస్తాను. తడి ఎక్కడినుంచో ముందు తేల్చు. మూరెడు పాలిథిన్ కాగితం గోడకి ఆనించి, నాలుగు అంచులకీ టేపు వేసి రెండు రోజులు ఉంచు. గోడవైపు చెమరిస్తే తడి గోడలోదే. గదివైపు చెమరిస్తే గాలిలోది, కిటికీ తెరిచి ఉంచితే చాలావరకు తగ్గుతుంది. గోడ అవతలి సందులో మట్టి మేట వేసి గది నేలకన్నా ఎత్తు పెరిగిందని నా అనుమానం. అదైతే గోడ వెంట తవ్వి మట్టి తీసేసి, చూరు నీళ్ళు వీధిలోకి పోయేలా వాలు పెట్టించు. స్నానాలగది పైపు కారుతోందేమో కూడా చూడు. ఇవి సరిచేయకుండా ఏ పూత పూసినా డబ్బు దండగే.

తరువాత తడి మరక పైన ఇంకో అడుగున్నర దాకా పాత పూత కొట్టించి, ఇటుకల సందులు గీకించు. రాలిన ఉప్పు పొడిగా ఊడ్చేయాలి, కడగకూడదు. గోడను ఆరనివ్వు. ఇంత మందపు గోడ ఆరడానికి నెలలు పడుతుంది. కాబట్టి సంక్రాంతికి మొదలుపెట్టినా వేసవంతా ఓపిక పట్టాలి. ఆపైన ఒక పాలు సున్నం, మూడు పాళ్ళు ఇసుక. ఇసుక ఏటిదే, ఉప్పునీటిది వద్దు. పలచటి పొరలుగా వేయించు, ఎండ తగలకుండా తడి గోనెలు కప్పించు. పైన సున్నపు వెల్లే, ప్లాస్టిక్ రంగు కాదు. సున్నం కంట్లో పడకుండా చూసుకోండి.

నీకు చిన్నప్పుడు ఆ గదిలోనే ఆయాసం వచ్చేది, రాత్రంతా భుజాన వేసుకుని తిరిగేవాళ్ళం. కోడలు పురిటినుంచి వచ్చేసరికి గోడ ఆరకపోతే తల్లీబిడ్డల్ని నడింట్లో పడుకోబెట్టు. ఉయ్యాల ఆ గోడ దరిదాపుల్లో కట్టకు.

పాలిథిన్ కాగితం ఫొటో పంపు. పండగ వెళ్ళాక నేనే వస్తాను, మేస్త్రితో నేను మాట్లాడతాను. కొన్న టైల్సు కొట్టువాడు వెనక్కి తీసుకోనంటే, కొత్తగా కట్టిన వంటగది గట్టు వెనక వేయించుకో.

మీ పెదనాన్న