తెలుగు విద్యార్థికి వృత్త్యనుభవము: అది లభించు తావులు, దానిని పొందు విధము

అనుభవము లేనిదే పని ఈయరు; పని ఈయనిదే అనుభవము కలుగదు. చదువు ముగియవచ్చిన విద్యార్థులు ఏటేట నా గదికి వచ్చి విన్నవించుకొను కష్టమిది. తార్కికులు దీనిని అన్యోన్యాశ్రయ దోషమందురు. స్వరాష్ట్రమునకు దూరముగా, ఉత్తరదేశమున తెలుగు చదువు విద్యార్థికి ఈ చిక్కు మరింత గట్టిది. తెలుగు పత్రికాలయములు, ప్రచురణ సంస్థలు అతనికి దాపున లేవు, బోధనోద్యోగములు కొలది. ఈ వలయమును ఎచ్చట ఛేదింపవచ్చునో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

చట్టములు, నియమావళులు ఇందుకు కొంత దారి చూపినవి. 1961 నాటి అప్రెంటిస్ చట్టము మొదట కర్మాగారముల శిక్షణను ఉద్దేశించినది. 2014 సవరణచేత సాంకేతికేతర పట్టభద్రులకును అందు చోటు దొరకినది. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2022 డిసెంబరులో ప్రకటించిన డిగ్రీ ప్రణాళికయందు ఇంటర్న్‌షిప్పునకు 2 నుండి 4 క్రెడిట్లు కేటాయింపబడినవి. అయినను నేనెరిగినంతలో భాషాశాఖలయందు ఈ అవకాశము పలుమారు ఒక యోగ్యతాపత్రముతో ముగియుచున్నది. విద్యార్థి ఏమి చేసెను, ఏమి నేర్చెను అను ప్రశ్నకు సమాధానముండదు.

మన భాషాధ్యయన చరిత్రలో పనియు చదువును విడివిడిగా నడచినవి కావు. బ్రౌను దొర కడపలో పండితులను కూర్చుకొని, వ్రాతప్రతులను సేకరించి, పాఠములను పోల్చి శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. మానవల్లి రామకృష్ణకవిగారు వ్రాతప్రతులను వెదకి నన్నెచోడుని కుమారసంభవమును 1909లో వెలుగులోనికి తెచ్చిరి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటము రైతుల వాడుకలోని మాటలను చేర్చినది. భాష ఎచ్చట పనిచేయుచున్నదో అచ్చటికి పోవుటయే వీరందరి మార్గము. విద్యార్థికిని అదియే మార్గమని నా అభిప్రాయము.

స్వరాష్ట్రమునకు వెలుపల అట్టి తావులు లేకపోలేదు. తంజావూరు సరస్వతీమహలునందు తెలుగు వ్రాతప్రతులు కలవు. షోలాపురము, భివండీలలో తెలుగు నేతగాండ్రును, ఖరగ్‌పూరులో రైల్వే కొలువులకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములును ఉన్నవి. కాశికి తెలుగు యాత్రికుల రాక ఎన్నడును ఆగలేదు. కాశీయాత్ర చరిత్ర వ్రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారును మదరాసు సుప్రీంకోర్టున దుబాసిగా నుండినవారే.

2023 ఏప్రిల్ 22 నుండి మే 3 వరకు కాశిలో గంగాపుష్కరములు జరిగినవి. మా విద్యార్థులు కొందరు యాత్రికులకు దుబాసులుగా తోడ్పడిరి. అందొక విద్యార్థిని ఒక వృద్ధురాలిని వైద్యునియొద్దకు తోడ్కొనిపోయెను. “ఒళ్లు కాలిపోతున్నదమ్మా” అని ఆ పెద్దమ్మ చెప్పగా, ఈమె ఒంటిపై మంటగానున్నదని హిందీలో అనువదించెను. వైద్యుడు చర్మమును పరీక్షింపసాగెను. అంతలో ఆమె కొడుకు వచ్చి నుదుటిపై చేయి వేసి చూపిన పిదపగాని అది జ్వరమని తెలియలేదు. మాటకు మాట సరిపోయినది, అర్థము తప్పినది. ఆ రాత్రినుండి ఆ విద్యార్థిని వ్యాధులను గూర్చి యాత్రికులు వాడు మాటలను, వారి జిల్లాలతోసహా ఒక పుస్తకమున వ్రాసికొనసాగెను. తరగతిలో నేను రెండేండ్లు బోధించిన అనువాద సూత్రము ఆమెకు ఆనాడు బోధపడెను.

దీనికి విరుద్ధమైన అనుభవమొకటి దాచక చెప్పవలెను. కొన్నేండ్లక్రిందట వ్రాతప్రతుల పట్టిక తయారు చేయించెదమన్న ఒక సంస్థకు ఒక విద్యార్థిని పంపితిని. అతడు వేసవియంతయు పెట్టెలు మోసి, పుస్తకములకు ముద్రలు వేసెను. ఒక్క తాటాకు విప్పలేదు. భత్యము లేదు, ఇంటికి పంపవలసిన సొమ్మునకై సాయంకాలము ట్యూషన్లు చెప్పెను. చివరకు చక్కని యోగ్యతాపత్రము వచ్చినది. పనిని కాగితముపై నిర్ణయింపక పంపుట నా తప్పు. ఆ సెలవులు అతనికి తిరిగి రావు.

ఈ రెంటివలన తేలిన నియమములు ఇవి. మొదటిది: “ఏ పనియైనను చేసెదను” అను దరఖాస్తు ఎవరిని కదలింపదు. విద్యార్థి తాను చేయగల ఒక పనిని పేర్కొని, దాని మచ్చు జతపరుపవలెను. అచ్చుప్రతి దిద్దగలనన్నవాడు దిద్దిన రెండు పుటలు పంపవలెను. ప్రతుల వివరణ వ్రాయగలనన్నవాడు ఒక ప్రతికి గ్రంథనామము, కర్త, లిపి, పత్రముల సంఖ్య, పుటకు పంక్తులు, శైథిల్యము, ఆద్యంతములు, గద్య అను వివరములను చూపవలెను. యూనికోడులో తెలుగు టైపు చేయుట నేడు అందరికి అవసరము. రెండవది: పని, గంటలు, పర్యవేక్షకుడు, భత్యము అను నాలుగును పని ఆరంభమునకు ముందే లిఖితపూర్వకముగా తేలవలెను. మూడవది: విద్యార్థి దినచర్య వ్రాయవలెను; క్రెడిట్లు ఈయబోవు ఉపాధ్యాయుడు దానిని చదువవలెను. నాల్గవది: భత్యము రాని చోట శాఖయే కొంత సమకూర్పవలెను. లేనియెడల ఈ అనుభవము కలిగినవారి బిడ్డలకే దక్కును.

ఇది తెలుగు శాఖకు మాత్రమే చెందిన సమస్య కాదు. హైదరాబాదులో హిందీ చదువువానికిని, ఢిల్లీలో తమిళము చదువువానికిని ఇట్టి కొరతయే కలదు. భారతీయ భాషాశాఖలు తమతమ నగరములలో విద్యార్థులకు పని దొరకు తావుల పట్టికలను తయారుచేసి ఒండొరులకు పంపుకొనిన, ఒక శాఖ పంపిన విద్యార్థిని మరియొక శాఖ కనిపెట్టియుండును. మా శాఖ తన పట్టికను వ్రాయ నారంభించినది. అందు మొదటి గడి “పని పేరు”. రెండవది “ఎవరు నేర్పుదురు”. ఆ రెండవ గడి ఖాళీగానున్న చోటికి ఇకమీద మా విద్యార్థిని పంపము.