డీటీహెచ్ బుక్ చేసే ముందు ఒకసారి బాల్కనీలోకి వెళ్ళి రండి

పోయిన ఏడాది అమ్మానాన్నలు హైదరాబాద్‌లో ఒక అద్దె ఫ్లాట్‌లోకి మారారు. టీవీ కనెక్షన్ పని నాకు అప్పజెప్పారు. ఇంట్లో బీటెక్ చదివినవాడికి ఇలాంటివి తప్పవు కదా. ఒక రాత్రి కూర్చుని బాక్స్ ఫీచర్లు, ఆఫర్లు, ప్యాక్ రేట్లు అన్నీ స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి, మంచిదనిపించినది బుక్ చేశాను. ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చిన కుర్రాడు బాల్కనీలోకి వెళ్ళి రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. "సార్, మీది పడమర బాల్కనీ. ఇక్కడ ఏ కంపెనీదీ రాదు" అన్నాడు. టెర్రస్ మీద పెట్టుకోవడానికి అసోసియేషన్ వాళ్ళను ఒప్పించేసరికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ అమ్మ పక్కింట్లో కూర్చుని సీరియల్ చూసింది. నా స్ప్రెడ్‌షీట్‌లో 14 కాలమ్స్ ఉన్నాయి. దిక్కు అనే కాలమ్ మాత్రం లేదు.

అందుకే ఈ ఆర్టికల్‌లో ముందు దిక్కు గురించి, తర్వాతే బాక్స్ గురించి.

డీటీహెచ్ శాటిలైట్లు భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. భూమితో పాటే తిరుగుతాయి కాబట్టి మనకు ఆకాశంలో ఒకే చోట నిలబడినట్టు ఉంటాయి. ఒక్కో కంపెనీ ఒక్కో చోట ఉన్న శాటిలైట్‌ని వాడుతుంది. టాటా ప్లే 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, డీటూహెచ్ 88, సన్ డైరెక్ట్ 91.5, డీడీ ఫ్రీ డిష్ 93.5, డిష్ టీవీ 95, ఎయిర్‌టెల్ 108.2 దగ్గర. హైదరాబాద్ ఉన్నది 78.5 దగ్గర. అంటే ఇవన్నీ మనకు తూర్పు పక్కనే ఉన్నాయి, మనం భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నాం కాబట్టి దక్షిణం వైపు కూడా. మొత్తం మీద ఆగ్నేయ మూల. పడమర బాల్కనీకి, ఉత్తరం బాల్కనీకి ఎందుకు రాదో ఇప్పుడు అర్థమైంది కదా. నాకు పది రోజులు పట్టింది.

కానీ అన్నీ ఆగ్నేయమే అని వదిలేయకండి, అసలు తేడా ఇక్కడే ఉంది. హైదరాబాద్ నుంచి లెక్క వేస్తే టాటా ప్లే శాటిలైట్ ఉత్తరం నుంచి 165 డిగ్రీల దిక్కులో, అంటే దాదాపు దక్షిణంలో, 69 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఎయిర్‌టెల్‌ది 118 డిగ్రీల దిక్కులో, తూర్పుకి బాగా దగ్గరగా, 50 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. మిగతావి ఈ రెండింటి మధ్య. విశాఖపట్నంలో అయితే 83 డిగ్రీల శాటిలైట్ సరిగ్గా నడి దక్షిణంలో ఉంటుంది, ఎందుకంటే ఆ ఊరి రేఖాంశం కూడా దాదాపు అంతే.

ఈ అంకెలతో మనకేంటి పని? రెండు ఉన్నాయి. ఒకటి, ఎదురు బిల్డింగ్. శాటిలైట్ దిక్కులోనే పది మీటర్ల దూరంలో ఒక బిల్డింగ్ ఉందనుకోండి. 69 డిగ్రీల శాటిలైట్ అయితే ఆ బిల్డింగ్ మీ డిష్ కంటే 26 మీటర్లు ఎత్తు ఉన్నా ఇబ్బంది లేదు. 50 డిగ్రీలదైతే 12 మీటర్లు, అంటే నాలుగు అంతస్తులు దాటితే సిగ్నల్ పోయినట్టే. రెండోది, మీ పైవాళ్ళ బాల్కనీ. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. శాటిలైట్ ఎంత నడినెత్తి మీద ఉంటే పై స్లాబ్ అంత అడ్డం వస్తుంది. స్లాబ్ డిష్ కంటే రెండు మీటర్లు పైన ఉంటే, 69 డిగ్రీలదానికి డిష్ స్లాబ్ అంచు నుంచి ముప్పావు మీటరు కంటే లోపలికి ఉండకూడదు. 50 డిగ్రీలదానికి ఒకటిన్నర మీటరు లోపల ఉన్నా పర్వాలేదు. కాబట్టి ఇరుకు సందులో ఉన్న ఇంటికీ, పైకప్పున్న బాల్కనీకీ ఒకే కనెక్షన్ సరిపోకపోవచ్చు. ఇది ఏ ఆఫర్ పేజీలోనూ రాయరు.

చెక్ చేయడం ఎలా అంటారా, ఫోన్ చాలు. కంపాస్ యాప్‌తో దిక్కు చూడండి, లెవెల్ యాప్‌తో ఫోన్‌ని ఆ కోణానికి వంచి అంచు వెంబడి పైకి చూడండి. ఖాళీ ఆకాశం కనిపిస్తే చాలు. ఇనుప గ్రిల్‌కి ఆనించి కంపాస్ చూడకండి, అది అబద్ధాలు చెబుతుంది. పక్కింటి డిష్ చూసి కోణం అంచనా వేయడం కూడా వద్దు. మన ఇళ్ళ మీద ఉండే ఆఫ్‌సెట్ డిష్‌లు చూడ్డానికి తక్కువ ఎత్తు వైపు చూస్తున్నట్టే ఉంటాయి, కానీ అసలు చూసేది అంతకంటే ఇరవై డిగ్రీలకు పైగా ఎత్తుకి.

నాకు బాగా నచ్చిన ఇంకో పద్ధతి ఉంది. మార్చి రెండో వారంలో, మళ్ళీ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో, రోజూ కొన్ని నిమిషాలు సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వస్తాడు. అప్పుడు సిగ్నల్ కొంచెంసేపు పోతుంది కూడా. హైదరాబాద్‌లో ఇది తూర్పు చివరి 108 డిగ్రీలదానికి ఉదయం పది ప్రాంతంలో, 83 డిగ్రీలదానికి పన్నెండు ప్రాంతంలో జరుగుతుంది. ఆ టైమ్‌లో మీరు డిష్ పెట్టాలనుకున్న చోట ఎండ పడుతుంటే దారి క్లియర్. యాప్ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు.

ఇప్పుడు వాన. డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ సిగ్నల్ తరంగం రెండున్నర సెంటీమీటర్ల పొడవు ఉంటుంది, వాన చినుకులు దాన్ని తేలిగ్గా పీల్చేస్తాయి. పైగా డిజిటల్ కాబట్టి బొమ్మ మసకబారడం ఉండదు. గీత దాటనంతవరకు బాగుంటుంది, దాటితే గళ్ళు గళ్ళుగా పడి ఆగిపోతుంది. అందుకే ఎండాకాలంలో పెట్టించుకున్నప్పుడు బొమ్మ వచ్చింది కదా అని సంతకం పెట్టేయకండి. సెట్టింగ్స్‌లో సిగ్నల్ క్వాలిటీ చూపించమని అడగండి, డిష్‌ని అటూ ఇటూ కొంచెం కదిపి అది ఎక్కడ గరిష్ఠంగా ఉందో అక్కడ బిగించమనండి. అబ్బాయి విసుక్కుంటాడు, పర్వాలేదు. జులై వానల్లో మిమ్మల్ని ఆదుకునేది ఆ అయిదు నిమిషాలే. వాన ఎక్కువున్న ఊళ్ళో 60 సెంటీమీటర్ల డిష్ బదులు 90 పెట్టిస్తే పట్టుకునే వైశాల్యం రెండు రెట్లకు పైనే పెరుగుతుంది.

రెండు టీవీలుంటే ఇంకో జాగ్రత్త. నేను తెలివిగా ఒక చవక స్ప్లిటర్ తెచ్చి ఒకే కేబుల్‌కి రెండు బాక్సులు తగిలించాను. హాల్లో నాన్న న్యూస్ పెట్టగానే బెడ్‌రూమ్‌లో నో సిగ్నల్. కారణం ఏంటంటే, బాక్స్ తనకి కావాల్సిన ఛానల్ నిలువు పోలరైజేషన్‌లో ఉంటే ఎల్ఎన్‌బీకి 13 వోల్టులు, అడ్డం పోలరైజేషన్‌లో ఉంటే 18 వోల్టులు పంపిస్తుంది. ఒక ఎల్ఎన్‌బీ ఒకేసారి ఇద్దరి మాట వినలేదు. రెండు అవుట్‌పుట్లున్న ట్విన్ ఎల్ఎన్‌బీ, రెండు విడి కేబుళ్ళు కావాలి. ముందే అడగండి.

ఇక బాక్స్. మీది ఇప్పటికే స్మార్ట్ టీవీ అయితే ఆండ్రాయిడ్ బాక్స్‌కి డబ్బులు తగలేయకండి, మామూలు హెచ్‌డీ బాక్స్ చాలు. పాత టీవీ అయితే ఆలోచించవచ్చు. ప్యాక్ విషయంలో ఇంట్లో నిజంగా చూసే ఛానళ్ళు కాగితం మీద రాయించండి. మా ఇంట్లో తొమ్మిది తేలాయి. 2019 నుంచి ఛానళ్ళను విడివిడిగా ఎంచుకునే వీలుంది, వాటి పైన నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు, 18 శాతం జీఎస్‌టీ పడతాయి. ఆ ఫీజు మీద ఉన్న పరిమితిని ట్రాయ్ 2024లో తీసేసింది, కాబట్టి కంపెనీని బట్టి మారుతుంది. మొత్తం కూడుకుని ఆ తర్వాతే బండిల్ రేటుతో పోల్చండి. నెలవారీ ఖర్చే వద్దనుకుంటే డీడీ ఫ్రీ డిష్ ఉంది. దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి వస్తాయి, పెద్ద తెలుగు పే ఛానళ్ళు రావు. అమ్మకి సీరియల్ కావాలి కాబట్టి మా ఇంట్లో ఆ చర్చ ముప్పై సెకన్లలో ముగిసింది.

కంపెనీ మారితే పాత బాక్స్ పనిచేయదు. డిష్, కేబుల్ మాత్రం బాగుంటే చాలాసార్లు వాటినే కొత్త శాటిలైట్ వైపు తిప్పి వాడుకోవచ్చు. కొత్తవి తప్పనిసరి అని ఎవరైనా అంటే, ఎందుకో చెప్పమని అడగండి. టెర్రస్ నుంచి కేబుల్ దింపేటప్పుడు మధ్యలో జాయింట్ లేకుండా ఒకే ముక్క వేయించండి. మాది అయిదో అంతస్తు నుంచి రెండో అంతస్తుకి వస్తుంది, మొదటి వానకి పోయింది ఆ జాయింట్ దగ్గరే.