నారాకు వెళ్లేముందు కార్డు చూసుకోండి

క్యోటో చూడబోయే మనవాళ్లు చాలామంది నారాను ఒక మధ్యాహ్నంలో తిరిగొచ్చే ఊరుగా పెట్టుకుంటారు. నిరుడు నవంబరులో అమ్మను తీసుకెళ్లినప్పుడు నేనూ ఉదయం బయల్దేరి మూడు గంటలకల్లా వెనక్కి రావాలనుకున్నాను.

డెబిట్ కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఇక్కడే ఆన్ చేసుకొని వెళ్లండని ఖాతాదారులకు రోజూ చెప్పేవాణ్ణి. నా కార్డుకే చేసుకోలేదు. క్యోటోలో సెవెన్ ఎలెవెన్ ఏటీఎం దాన్ని తిప్పికొట్టింది. యాప్‌లో మారుద్దామంటే ఓటీపీ అడిగింది. నా సిమ్‌కు రోమింగ్ లేదు. ఫారెక్స్ కార్డు హోటల్లో, సూట్‌కేసు అడుగున. వెళ్లి తెచ్చేసరికి ఒంటిగంటన్నర. అమ్మ ఏమీ అనలేదు. మోకాళ్లు రుద్దుకుంటూ స్టేషన్‌లోనే కూర్చుంది.

అక్కడ నగదు ఎందుకంటారా? రైళ్లకూ బస్సులకూ పనికొచ్చే ఇకోకా కార్డును స్టేషన్ మెషిన్లలో ఎక్కువగా నగదుతోనే నింపాలి. ఈ మూడు ఊళ్లకు, అంటే క్యోటో, నారా, ఒసాకాలకు, అదొక్కటి చాలు. ఏడు రోజుల జేఆర్ పాసు 2023 అక్టోబరులో 50,000 యెన్లయింది. ఇంత దగ్గర ప్రయాణాలకు దండగ. పైగా అది కింటెట్సు రైళ్లలో చెల్లదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు ఎక్కాల్సింది కింటెట్సునే. జేఆర్ స్టేషన్ కన్నా దాని స్టేషన్ నారా పార్కుకు బాగా దగ్గర. క్యోటో నుంచి ముప్పావుగంట పైచిలుకు.

పార్కులో వెయ్యికి పైగా జింకలు తిరుగుతుంటాయి. బిస్కెట్ చూపిస్తే తల వంచి దండం పెడతాయి. చేతిలో కాగితాలు మాత్రం ఉంచుకోకండి. మా మ్యాపు సగం ఒకటి నమిలేసింది.

తోదాయ్‌జీ ఆలయం చేరేసరికి నాలుగున్నర. చలికాలంలో ఐదింటికే మూసేస్తారు. రెండుసార్లు యుద్ధాల్లో కాలిపోయాక, ఇప్పుడున్న మందిరం 1709లో పూర్తయింది. లోపల దాదాపు 15 మీటర్ల కంచు బుద్ధుడు. 752లో ఈ విగ్రహానికి కళ్లు దిద్దినది బోధిసేనుడనే భారతీయ భిక్షువు. ఆయన పట్టిన కుంచెకు పొడవైన దారాలు కట్టి, వచ్చినవాళ్లంతా వాటిని పట్టుకున్నారట. ఇది చెప్పగానే అమ్మ, "మన దేశం నుంచి ఇంత దూరమా? ఎలా వచ్చాడ్రా?" అంది. ఓడలో, 736లో, అన్నాను. మోకాళ్ల సంగతి మరిచిపోయి, మూసే వేళ అయిందని చెప్పేదాకా అక్కడే నిలబడింది.

కసుగా ఆలయానికి వెళ్లే రాతిదీపాల దారి మాకు దక్కలేదు, అప్పటికే చీకటి పడింది. మీరు తొమ్మిదింటికల్లా నారాలో దిగండి.