ముల్లు సున్నాకొచ్చినా ఆగు

అమ్ములూ,

నీ ఉత్తరం అందింది. జ్వరం తగ్గిందన్నావు, సంతోషం. కానీ చివర్లో ఒక ముక్క రాశావు చూడు, "ప్రాక్టికల్స్ హడావుడిలో ఆటోక్లేవ్ ముల్లు సున్నాకి రాగానే మీడియం ఫ్లాస్కులు బయటికి తీసేస్తున్నాం" అని. ఆ ముక్కతో రాత్రి నిద్ర పట్టలేదు.

నా ముంజేతి మీద మచ్చని చిన్నప్పుడు వేలితో దిద్దుతూ "ఇదే దేశం మ్యాపు?" అనేదానివి. వంటింట్లో కాలిందని దాటేసేవాణ్ణి. నిజం ఇప్పుడు చెబుతున్నాను. ల్యాబ్‌లో చేరిన కొత్త. లీటరు అగార్ మీడియం. ముల్లు సున్నా మీదే ఉంది. మూత తీశాను, ఏమీ కాలేదు. అగార్ కరిగిందో లేదో చూద్దామని ఫ్లాస్కు ఎత్తి కొంచెం తిప్పాను. అంతవరకూ నిశ్చలంగా ఉన్న ద్రవం బుస్సున పొంగి, దూది బిరడాని ఎగరగొట్టి చేతి మీద పడింది. మీ నాయనమ్మ నెల్లాళ్లు నాకు అన్నం కలిపి పెట్టింది.

ముల్లు చెప్పేది చుట్టూ ఉన్న ఆవిరి సంగతే తల్లీ. 15 పౌండ్ల ఒత్తిడిలో 121 డిగ్రీలు ఎక్కిన ద్రవం అంత త్వరగా చల్లారదు. పైకి మరగకపోయినా లోపల వంద దాటే ఉంటుంది, కదిపితే చాలు. అందుకని ఒత్తిడిని దానంతట అదే దిగనియ్యి, తొందరపడి వాల్వు తిప్పకు. మొహం పక్కకి పెట్టి మూత కాస్త సందు చేసి, ఇంకో పది నిమిషాలు ఆగు. లీటరు ఫ్లాస్కయితే ఇంకా ఎక్కువసేపు. ఏ ఫ్లాస్కూ మూడింట రెండొంతులు మించి నింపకు. సీసాల మూతలు వదులుగా ఉంచు. బ్లీచింగ్ కలిసినదేదీ లోపల పెట్టకు, విషవాయువు వస్తుంది.

మొదట్లోనూ తొందర వద్దు. లోపలి గాలంతా పోయి ఆవిరి ధారగా వచ్చేదాకా వాల్వు మూయకు. గాలి మిగిలితే ముల్లు 15 చూపిస్తుంది గానీ వేడి 121 చేరదు. ఆటోక్లేవ్ టేపు మీద నల్ల గీతలు పడ్డాయని మురిసిపోకు, వేడి తగిలిందనే అవి చెబుతాయి, క్రిములు చచ్చాయని కాదు.

ఇంకొకటి. అడ్డంగా గాలి వీచే లామినార్ హుడ్ నీ ప్లేటుని కాపాడుతుంది, నిన్ను కాదు. ఆ గాలి నీ మొహం మీదికే వస్తుంది. రోగి నమూనా అయితే బయోసేఫ్టీ కేబినెట్ దగ్గరికే వెళ్లు. అడగడానికి మొహమాటపడకు.

సున్నుండలు పంపుతున్నాను, నీ రూమ్మేటుకీ పెట్టు. రేపు ముల్లు సున్నాకి దిగాక స్టూలు లాక్కుని కూర్చుని, ఆగిన ఆ కాసేపట్లో నాకో కార్డు రాయి. అది చూస్తేగానీ నా మనసు కుదుటపడదు.

మీ పెదనాన్న