సైకిలు ఎక్కడ పెట్టాలి?

ఆమె పూలు అమ్ముకునే అక్క. రెండేళ్ల కిందట సైకిలు నేర్చుకుంది. తెల్లారకముందే సైకిలు మీద పూల మార్కెట్టుకు పోతుంది. సాయంత్రం పార్కులో తిరిగి పూలు అమ్ముతుంది.

పార్కు గేటు దగ్గర సైకిలు పెట్టే చోటు లేదు. ఒకరోజు వెనక గోడకు ఆనించింది. వెనక చక్రానికి తాళం వేసింది. పొద్దు గూకాక వచ్చి చూసింది. సైకిలు లేదు!

చక్రం తాళం చక్రాన్ని తిరగనివ్వదు. అంతే. సైకిలును ఎత్తుకుపోతే అది ఆపలేదు.

మర్నాటి నుంచి ఆటోకు డబ్బులు కావాలి. చేతిలో మిగిలేది తగ్గిపోయింది. "పోయింది సైకిలు కాదు వదినా, నా కాళ్లే పోయాయి" అని ఏడ్చింది.

చదువు కేంద్రంలో ఆ మాట వచ్చింది.

"ఆడదానికి సైకిలెందుకే?" అంది ఒక పెద్దమ్మ.

"అట్లా అనకు పెద్దమ్మా. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఉంది. అక్కడ 1990ల మొదట్లో ఆడవాళ్లు వేలమంది చదువుతో పాటు సైకిలు నేర్చుకున్నారు. తప్పు సైకిలుది కాదు, పెట్టే చోటుది" అంది ఒక కోడలు పిల్ల.

అందరూ టేపు పట్టుకుని పార్కుకు వెళ్లారు. లోపల ఒక మూల పాత స్టాండు ఉంది. ముందు చక్రం దూర్చే రకం. అందులో సైకిలును ఆ చక్రం దగ్గరే పట్టి ఉంచుతుంది. పక్కకు ఒరిగితే చక్రం వంగిపోతుంది. సైకిలు బాడీని కట్టే వీలూ లేదు.

మంచి స్టాండు ఎలా ఉండాలి?

1. ఇనుప గొట్టాన్ని చిన్న గుమ్మంలా వంచాలి. ఎత్తు సుమారు రెండున్నర అడుగులు. రెండు కాళ్లూ సిమెంటులో పాతాలి. బాడీకి, చక్రానికి, స్టాండుకు కలిపి గొలుసు చుట్టి తాళం వేయాలి.

2. ఒక్కో స్టాండుకు అటొకటి, ఇటొకటి రెండు సైకిళ్లు పెట్టొచ్చు. స్టాండుకూ స్టాండుకూ మధ్య ఒక మీటరు ఎడం ఉండాలి. సైకిలు పొడవు సుమారు 6 అడుగులు. అంత చోటు వదలాలి.

3. స్టాండ్లు గేటు దగ్గరే ఉండాలి. వాచ్‌మన్‌కు కనబడాలి. రాత్రి దీపం వెలగాలి. నడిచే దారికి అడ్డం రాకూడదు.

4. నేల గట్టిగా ఉండాలి. వాన నీళ్లు నిలవకూడదు. పైన నీడ ఉంటే సీటు, టైర్లు ఎండకు పాడు కావు.

ఇది ఎవరి పని? 1992లో 74వ రాజ్యాంగ సవరణ వచ్చింది. అందులో మునిసిపాలిటీలకు అప్పగించదగిన పనుల పట్టిక ఉంది. పార్కులు, బండ్లు నిలిపే చోట్లు రెండూ ఆ పట్టికలో ఉన్నాయి.

అందుకే ఆడవాళ్లు మునిసిపాలిటీకి అర్జీ రాశారు. కొలతలతో బొమ్మ కూడా గీశారు. మొదటి సంతకం పూలమ్మే అక్కది. పెద్దమ్మ కూడా వేలిముద్ర వేయలేదు, సంతకమే చేసింది. అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నారు.

స్టాండ్లు ఇంకా రాలేదు. సోమవారం రసీదు పట్టుకుని మళ్లీ వెళ్తారు.

లెక్క చేయండి: 20 సైకిళ్లకు ఎన్ని స్టాండ్లు కావాలి?

మాట్లాడుకోండి: మీ ఊరి పార్కులో సైకిలు ఎక్కడ పెడుతున్నారు? అక్కడ దీపం ఉందా?