దానియేలు తన హృదయముమీద పెట్టుకొనినది

పాఠ్యభాగము: దానియేలు 1:1–21, 6:10



మన బ్రతుకులు ఎప్పుడు బాగుపడునను మాట మన పేటలలో తరచుగా వినబడుచుండును. పిల్లవానికి ఉద్యోగము వచ్చినయెడల, అప్పు తీరినయెడల, ఇల్లు మంజూరైనయెడల బాగుపడుదుమని ఎదురుచూచుచుందుము. ఇవి అక్కరలేనివని ఏ బోధకుడును చెప్పరాదు. ఉత్త బోధ ఆకలి తీర్చదు. అయితే ఇట్టివేవియు తన చేతిలో లేని యొక యౌవనస్థుని బ్రతుకు ఎట్లు బాగుపడెనో దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము తెలుపుచున్నది. దానిని ఈ మాసము నిదానముగా చదువుదము.

క్రీ.పూ. 605 ప్రాంతమున బబులోను రాజైన నెబుకద్నెజరు యెరూషలేముమీదికి వచ్చి, రాజవంశములలోను ముఖ్యుల కుటుంబములలోను పుట్టిన కొందరు బాలురను చెరగొనిపోయెను. దానియేలు వారిలో ఒకడు. ఇల్లు పోయెను, దేవాలయము దూరమాయెను. ఏ భాష నేర్వవలెనో, మూడు సంవత్సరములు ఎవరియొద్ద ఉండవలెనో, దినదినము ఏమి తినవలెనో అంతయు రాజే నిర్ణయించెను. కన్నవారు పెట్టిన పేరు సహితము నిలువలేదు. బెల్తెషాజరు అను క్రొత్త పేరు పెట్టిరి. అది తన దేవతపేరునుబట్టి పెట్టినదని 4వ అధ్యాయములో ఆ రాజే చెప్పుకొనుచున్నాడు.

ఇక్కడ మూలభాషలో ఒక చక్కని సంగతి యున్నది. 7వ వచనమున నపుంసకుల యధిపతి దానియేలుకు పేరు "పెట్టెను" అనుటకు ఏ హెబ్రీ క్రియ వాడబడినదో, 8వ వచనమున దానియేలు విషయములోను అదే క్రియ వాడబడినది. మన తెలుగు బైబిలులో అది "ఉద్దేశించి" అని యున్నది. మాటకు మాటగా చెప్పినయెడల, అతడు తన హృదయముమీద పెట్టుకొనెనని అర్థము. అధికారి అతనిమీద ఒకటి పెట్టెను, అతడు తన హృదయముమీద మరియొకటి పెట్టుకొనెను. చెరలోనున్నవానికి సహితము ఈ రెండవది మిగిలియున్నది. కూలికి పోవువారమైనను, పరుల పొలము కౌలుకు చేయువారమైనను, మనకును మిగిలియున్నది.

అతడు అన్నిటిని నిరాకరింపలేదని గమనింపవలెను. కల్దీయుల విద్య నేర్చుకొనెను. క్రొత్త పేరుతో పిలిచినప్పుడు పలికెను. రాజు భోజనమును ద్రాక్షారసమును పుచ్చుకొని అపవిత్రుడు కాకూడదని ఒక్క సంగతియందే గీత గీసికొనెను. మనమో, డిసెంబరు 31వ తేదీ రాత్రి ఆరాధనలో పది తీర్మానములు చేసికొని, సంక్రాంతి నాటికి ఒక్కటియు జ్ఞాపకము లేక తిరుగుదుము.

తీర్మానించిన తరువాత అతడు ఏమి చేసెనో చూడుడి. మొదట అధికారిని వేడుకొనెను. అధికారికి దయయున్నను, పిల్లల ముఖములు వాడినయెడల రాజు తన తల తీయునని భయపడెను. ఇక్కడనే మనలో అనేకులు ఆగిపోవుదుము. లేదా కోపగించి తగవుకు దిగుదుము. దానియేలు రెండును చేయక, తమపైన నియమింపబడిన వానియొద్దకు పోయి, పది దినములు మాత్రము శాకధాన్యాదులును నీళ్లును ఇచ్చి, పిమ్మట మా ముఖములను మీరే పరీక్షించుకొనుడని అడిగెను. ఎన్ని దినములో చెప్పెను, ఏమి తినునో చెప్పెను, ఫలితము చూచు పని ఎదుటివానికే అప్పగించెను. దేవుడు అతనికి కటాక్షము అనుగ్రహించెనని వాక్యము చెప్పుచున్నది నిజమే. అయినను అడుగవలసిన మాట అతడే అడిగెను.

(ఈ అధ్యాయమునుబట్టి మాంసము తినుట పాపమని కొందరు వాదింతురు. 10వ అధ్యాయములో అతడు మూడు వారములు మాంసమును ద్రాక్షారసమును మానెనని యున్నది. ఇతర దినములలో తినెడివాడనియే గదా అర్థము!)

భోజనపు బల్లయొద్ద కూర్చుండి, వాసన తగిలిన తరువాత అతడు ఆలోచింపలేదు. మన పురుషులలో కొందరు శనివారము కూలి డబ్బు జేబులో వేసికొని, దుకాణము ఎదుటికి వచ్చిన తరువాత త్రాగుదునా మానుదునా అని ఆలోచింతురు. ఆ ఆలోచన ఉదయమే పనికి పోవునప్పుడు ముగియవలసినది: ఏ త్రోవను ఇంటికి వచ్చునో, డబ్బు ఎవరి చేతిలో పెట్టునో భార్యతో ముందే చెప్పి పోవలెను. క్రిస్మసు బట్టలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేయుటయు ఇట్టిదే. పండుగ ఏ దినమో సంవత్సరము పొడుగున మనకు తెలియును గదా!

ఈ పాఠము మన స్త్రీలకు క్రొత్తది కాదు. అనేక తెలుగు సంఘములలో వారు పిడికెడు బియ్యము తీయు వాడుక యున్నది. ఎసటిలో బియ్యము పోయకముందే ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారము గుడికి తెత్తురు. వండి, తిని, మిగిలినప్పుడు తీయుదమనుకొనినయెడల ఏ ఇంటను కుండ నిండదు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 16వ అధ్యాయములో, తాను వచ్చినప్పుడు చందా పోగుచేయుట కాక, ప్రతి ఆదివారము ఎవరికి వారే తీసి ఉంచుకొనవలెనని నియమించుటయు ఇందుకే.

ఇక 6వ అధ్యాయము. బబులోను క్రీ.పూ. 539లో పడిపోయెను, అనగా చెరకు వచ్చి అరువదియారేండ్లు గడచినవి. చెరకు వచ్చిన బాలుడు ఎనుబదియేండ్ల వృద్ధుడాయెను. ముప్పది దినములు రాజునకు తప్ప ఎవరికిని విన్నపము చేయరాదని శాసనము పుట్టినప్పుడు, దానియేలు మునుపటివలెనే దినమునకు ముమ్మారు మోకాళ్లూనెను. యెరూషలేము తట్టు కిటికీలు ఆ దినమున క్రొత్తగా తెరువబడినవి కావు.

ఈ మాసపు గృహకూటములలో ప్రతి కుటుంబము ఒక్క సంగతిని ఏర్పరచుకొనవలెనని కోరుచున్నాము. సాయంకాల ప్రార్థన వేళ ఫోనులు కట్టిపెట్టుట కావచ్చును, పిల్లవాని చదువునకై దినమునకు పది రూపాయలు డబ్బాలో వేయుట కావచ్చును, అన్నదమ్ముల మధ్య ఆగిన పలుకు మరల పలుకుట కావచ్చును. పది దినములే పెట్టుకొనుడి. గోడమీది క్యాలెండరులో గుర్తులు వేయుడి. నిలిచినదో లేదో చూచు పని ఇంటిలోని చిన్న బిడ్డకు అప్పగించుడి. బిడ్డలు మొగమాటము లేక చెప్పుదురు.